ఉప్పుకు లొంగదు... మరి దేనికి లొంగుతుంది?

తెనాలి కాలవ గట్ల నుంచి నిజాంపట్నం రేవు దాకా ఇనుము ఖాళీ చేసిన చోటల్లా ప్లాస్టిక్ వచ్చి కూర్చుంది. ఉప్పుగాలి దాన్ని ఏమీ చేయలేదన్నది నిజమే. కానీ ప్లాస్టిక్ అంటే ఒకటి కాదు, పది. ఆ పదింటికీ పది రకాల శత్రువులు.

తెనాలిలో రేపల్లె బండెక్కితే వేమూరు, భట్టిప్రోలు, పల్లికోన దాటి రేపల్లెలో దిగాల్సిందే. పట్టాలు అంతటితో సరి. అక్కడి నుంచి నిజాంపట్నం రోడ్డు పట్టుకుంటే వరిచేలు పలచబడి రొయ్యల చెరువులు మొదలవుతాయి. సముద్రం ఇంకా కంటికి ఆనకముందే దాని రాకను ఇనుము చెప్పేస్తుంది. తెనాలిలో ఏళ్ల తరబడి రంగు వదలని కిటికీ ఊచ ఇక్కడ పొరలు పొరలుగా విచ్చుకుంటుంది. గేటు కమ్మీలు అడుగున సన్నబడి ఉంటాయి. తాళంలో నూనె పోస్తే తప్ప చెవి తిరగదు. ఇత్తడి కుళాయికి చిలుము పట్టి పిడి బిగుసుకుపోతుంది.

అదే చెరువులో ఏరేటర్ చూడండి. నీళ్ల మీద తేలే ఫ్లోట్లు ప్లాస్టిక్. నీటిని చిలికే రెక్కలు ప్లాస్టిక్. గట్టు వెంట పోయే పైపు ప్లాస్టిక్. వాటి మధ్యలో స్టెయిన్‌లెస్ ఇరుసు ఒకటి, కాసిని బోల్టులు. తుప్పు ముందు పట్టేది ఆ బోల్టులకే. 'స్టెయిన్‌లెస్' అన్న పేరు చూసి మోసపోకూడదు. మామూలుగా వాడే 304 రకం ఉప్పునీటిలో గుంటలు గుంటలుగా తినేసుకుపోతుంది. మాలిబ్డినం కలిసిన 316 రకం కొంత నయం, ధర మాత్రం నయం కాదు.

ఉప్పు ఇనుమును తినే తీరు సూటిగా ఉంటుంది. తుప్పు పట్టడమంటే ఇనుము తన ఎలక్ట్రాన్లను వదులుకోవడం. ఉప్పు కరిగిన నీరు ఆ విద్యుత్ వ్యాపారానికి మంచి దారి. పైగా ఉప్పులోని క్లోరైడు, లోహం మీద ఉన్న పలుచటి రక్షణ పొరను ఛేదిస్తుంది. ప్లాస్టిక్‌లో ఈ వ్యాపారానికి సరుకే లేదు. అది విద్యుత్తును ప్రవహించనివ్వదు, వదులుకోవడానికి స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు ఉండవు. అందుకే పీవీసీ పైపును సముద్రపు నీటిలో ఏళ్లకేళ్లు ఉంచినా ఉప్పు వల్ల దానికి వచ్చే నష్టం ఏమీ లేదు.

రొయ్య పిల్లల్ని పెంచే హేచరీలు ప్లాస్టిక్‌నే వాడటానికి ఇంకో కారణం కూడా ఉంది. రొయ్య పిల్లకు రాగి, జింకు లాంటి లోహాలు కొద్ది మోతాదులో కరిగినా విషమే. ఇత్తడి వాల్వూ, గాల్వనైజ్డ్ పైపూ తాము పాడవడంతో ఆగవు, పిల్లనూ చంపుతాయి. అందుకే సముద్రపు నీరు తోడే గొట్టం దగ్గర్నుంచి పిల్లలు పెరిగే తొట్టె దాకా నీటికి లోహం తగలకుండా చూసుకుంటారు. 2009లో వనామి రొయ్యకు మన దేశంలో అనుమతి దొరికాక బాపట్ల, రేపల్లె తీరంలో ఈ సరంజామా వ్యాపారం ఎలా పెరిగిందో తెనాలి, రేపల్లె పైపుల కొట్లలో కూర్చుంటే తెలుస్తుంది.

దొరువులో పీవీసీ గొట్టం

ఈ తీరంలో ప్లాస్టిక్ చేసిన మంచి పని ఏదంటే నేను ఏరేటర్ పేరు చెప్పను, దొరువు పేరు చెబుతాను.

బాపట్ల ఇసుక నేలల్లో మంచినీరు లోతున దొరకదు, పైన దొరుకుతుంది. వాన నీరు ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతుంది. ఉప్పునీరు కాస్త బరువు కదా! సముద్రమట్టానికి ఒక అడుగు పైన మంచినీరు నిలిచి ఉంటే, దాని అడుగున దాదాపు 40 అడుగుల మందాన మంచినీరే ఉంటుందని లెక్క. ఆ లెక్క తేల్చిన ఇద్దరిలో ఒకరు గైబెన్ అనే డచ్చి సైనిక ఇంజినీరు, రెండోవారు హెర్జ్‌బర్గ్ అనే జర్మన్. ఈ లెక్కకు రెండో వైపు కూడా ఉంది. ఆశపడి లోతుగా బోరు దించి గట్టిగా తోడితే పైన ఒక అడుగు తగ్గినచోట, కింద నుంచి ఉప్పునీరు అంతకు ఎన్నో రెట్లు పైకి పొడుచుకొస్తుంది. ఒకసారి ఉప్పెక్కిన బోరు మళ్లీ తియ్యబడటానికి ఎన్ని వానాకాలాలు పడుతుందో చెప్పలేం.

మన రైతులు లెక్క తెలియకుండానే దారి కనిపెట్టారు. ఇసుకలో వెడల్పాటి గుంట తవ్వి, ఊరిన నీటిని కుండలతో ముంచి కూరగాయల మడులకూ, పొగాకు నారుకూ, మల్లెతోటలకూ పోసుకునేవారు. అదే దొరువు. చిక్కల్లా, ఇసుక జారుతుంది కాబట్టి గుంట ఒడ్డు ఏటవాలుగా ఉండాలి, చాలా నేల పోతుంది, మోయలేక నడుం పోతుంది. 1945లో పుట్టిన బాపట్ల వ్యవసాయ కళాశాల ఊరిలోనే పనిచేసే ఉప్పునీటి పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ఈ దొరువును మెరుగుపరిచారు. గుంట బదులు, నేల అడుగున అడ్డంగా చిల్లుల పీవీసీ గొట్టాలు పరిచారు. ఇసుక దూరకుండా వాటికి నైలాన్ జాలీ చుట్టారు. గొట్టాలన్నీ ఒక చిన్న బావిలోకి చేరతాయి. అక్కడ చిన్న పంపు. నీటిని లోతు నుంచి గుంజకుండా, పాల మీద మీగడ తీసినట్టు పైపైనే తీసుకుంటుంది. పైన పొలం పొలంగానే ఉంటుంది.

ఈ పని ఇనుప గొట్టంతో అయ్యేది కాదు. తడి ఇసుక, కింద ఉప్పు, పైన గాలి. తుప్పుకు ఇంతకన్నా అనువైన చోటు వెతికినా దొరకదు. చిల్లులన్నీ తుప్పుతో పూడిపోయి ఉండేవి.

చౌడు తీయడానికి పొలం అడుగున మురుగు గొట్టాలు వేసే ప్రయోగాలు కూడా ఈ శాస్త్రవేత్తలే డచ్చి ప్రభుత్వ సహకారంతో చేశారు. మార్టూరు దగ్గర కోనంకి, ప్రకాశం జిల్లా ఉప్పుగుండూరు పొలాలు ఆ ప్రయోగ క్షేత్రాలు. ముడతల ప్లాస్టిక్ గొట్టం పొలం కింద నుంచి ఉప్పునీటిని కాలవలోకి లాగేస్తుంది. డచ్చివాళ్లకు ఈ తీరం కొత్త కాదు. నిజాంపట్నాన్ని పెటపోలి అని పిలిచి 1606లోనే బట్టల వ్యాపారానికి కొఠీ పెట్టుకున్నారు. నాలుగు వందల ఏళ్ల తర్వాత వాళ్ల మనుమలు గొట్టాల కోసం వచ్చారు. కొఠీ కన్నా గొట్టమే మనకు లాభమని నా అభిప్రాయం.

బలమున్న చోటే బలహీనత

ఇక యాసిడ్ సంగతి. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతుంది.

పైపుల కొట్టుకు వెళ్లిన మనిషి అడిగేది రెండే ప్రశ్నలు. హెవీదా, లైటా? ఎంత? గట్టిగా, నునుపుగా, బరువుగా ఉన్నది అన్నిటికీ ఓర్చుకుంటుందని నమ్మకం. గేర్లకు, బుష్‌లకు వాడే నైలాన్ ముందు బాత్రూం బకెట్టుకు ఏపాటి విలువ! కానీ రెంటి మీదా మరుగుదొడ్డి కడిగే యాసిడ్ పోస్తే బకెట్టు కదలదు. పాడయ్యేది నైలాన్.

కారణం వాటి పుట్టుకలో ఉంది. ప్లాస్టిక్ ఏదైనా పొడవాటి గొలుసుల ముద్దే. బకెట్టుకు వాడే పాలిథిన్, పాలీప్రొపిలీన్ గొలుసుల్లో కర్బనం పక్కన కర్బనం, అంతే. పట్టుకుని లాగే తోక ఏదీ బయటికి ఉండదు. యాసిడ్‌కూ క్షారానికీ పట్టు దొరకదు. ఇంజినీరింగ్ ప్లాస్టిక్‌లని పిలిచే జాతి వేరు. నైలాన్, పాలీకార్బొనేట్, ఎసిటాల్, పీబీటీ వంటివి. వీటి గొలుసుల్లో అక్కడక్కడ వేరే రకం అతుకులు ఉంటాయి. నైలాన్‌లో నత్రజని ఉన్న అతుకు. ఆ అతుకులు పక్క గొలుసు అతుకులను గట్టిగా పట్టుకోవడం వల్లే నైలాన్‌కు అంత బలం, అంత వేడిని తట్టుకునే శక్తి. ఆ అతుకు కట్టేటప్పుడు ఒక నీటి అణువు బయటికి పోతుంది. యాసిడ్ తోడుంటే అదే నీరు తిరిగి లోపలికొచ్చి అతుకును విప్పేస్తుంది. బలం ఇచ్చే చోటే యాసిడ్‌కు తలుపు తెరుచుకుని ఉందన్నమాట.

1935లో అమెరికాలో డ్యూపాంట్ ప్రయోగశాలలో వాలెస్ కరోథర్స్ బృందం నైలాన్‌ను తయారుచేసింది. మొదట బజారుకొచ్చింది 1938లో, పళ్లు తోమే బ్రష్షు కుచ్చుగా. మన రేవుల్లో అది వల అయింది. అంతకుముందు నూలు, జనపనార వలలు చివికిపోకుండా చెట్ల బెరడు రసంలో నానబెట్టి, ఎండబెట్టి ఎన్ని తంటాలు పడేవారో! నైలాన్ వలకు ఆ బాధ లేదు. సముద్రపు ఉప్పు దాన్ని ఏమీ చేయదు. అయితే నైలాన్ నీళ్లు తాగుతుంది. పూర్తిగా నానితే కొన్ని రకాలు తమ బరువులో దాదాపు పదో వంతు నీరు పీల్చుకుని కాస్త ఉబ్బుతాయి. కొలత తప్పకూడని బుష్‌కు ఇది పెద్ద లోపం, వలకు లెక్కలోది కాదు.

హేచరీలో తొట్టెలు కడగడానికి హైడ్రోక్లోరిక్ యాసిడ్, బ్లీచింగ్ రెండూ వాడతారు. నైలాన్ జాలీ, నైలాన్ కుచ్చు బ్రష్షు ఈ రెంటికీ పడవు. యాసిడ్ అతుకులు విప్పుతుంది, క్లోరిన్ గొలుసును కాల్చినట్టు పాడుచేస్తుంది. అక్కడ పాలీప్రొపిలీన్ కుచ్చు ఉండాలి. మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పి తీరాలి. ఆ రెంటినీ ఒకే తొట్టెలో ఒకదాని వెనుక ఒకటి, మధ్యలో కడగకుండా పోయకండి. కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. అది ప్లాస్టిక్‌ను కాదు, మనిషి ఊపిరితిత్తుల్ని తినేస్తుంది.

అన్ని లవణాలూ సముద్రపు ఉప్పంత సాధువులు కావని కూడా గుర్తుపెట్టుకోవాలి. చిక్కటి జింక్ క్లోరైడ్, కాల్షియం క్లోరైడ్ ద్రావణాలు బిగింపులో ఉన్న నైలాన్‌ను పగలగొడతాయి. మంచు కరగడానికి రోడ్ల మీద కాల్షియం క్లోరైడ్ చల్లే దేశాల్లో కార్ల తయారీదారులకు ఇది పాత తలనొప్పి.

కాస్టిక్ పరీక్ష

యాసిడ్ దగ్గర ఓడిన నైలాన్ కాస్టిక్ దగ్గర గెలుస్తుంది. చీరాల నూలు రంగుల పనిలో కాస్టిక్ సోడా, హైడ్రోస్ అనే రసాయనం లేనిదే కొన్ని రంగులు దారానికి ఎక్కవు. అల్యూమినియం గిన్నెలో కాస్టిక్ పోస్తే గిన్నె బుసబుసా పొంగి కరుగుతుంది. పాలీప్రొపిలీన్ బకెట్టు, పాలిథిన్ డ్రమ్ము అసలు పట్టించుకోవు. నైలాన్ తాడు కూడా బాగానే ఓర్చుకుంటుంది. అదే పాలిస్టర్ తాడైతే వేడి కాస్టిక్‌లో అరిగిపోతుంది. మిల్లుల్లో పాలిస్టర్ బట్టను మెత్తబరచడానికి కావాలనే కాస్టిక్‌తో దాని బరువు కొంత తినిపిస్తారు.

మన ఇళ్లలో వాడే తెల్ల ప్లాస్టిక్ కుళాయిలు ఈ పాలిస్టర్ చుట్టాలే. కొట్లో పీటీఎంటీ కుళాయి అంటారు, రసాయన శాస్త్రం దాన్ని పీబీటీ అంటుంది. అచ్చమైన ఇంజినీరింగ్ ప్లాస్టిక్. రేపల్లె తీర గ్రామాల్లో ఇత్తడి కుళాయి చిలుముతో బిగుసుకుపోయిన చోట ఇది హాయిగా తిరుగుతుంది. ఉప్పునీటికి జంకదు, బండలు కడిగే పలచటి యాసిడ్ చినుకులకూ జంకదు. క్రోమియం పూత కుళాయి మీద అవే చినుకులు పడితే మచ్చలు తేలతాయి. కానీ మూసుకుపోయిన సింకులో వేసే కాస్టిక్ పొడి దీనికి తగలకూడదు. గీజరు వేడినీళ్లు అదే పనిగా పారే చోటా దీన్ని పెట్టకూడదు. వేడినీటి గొట్టానికి మామూలు పీవీసీ కూడా పనికిరాదు, దాని హద్దు దాదాపు 60 డిగ్రీలు. అందుకే సీపీవీసీ వచ్చింది.

తాగునీటి 20 లీటర్ల టిన్నుల్లో నీలంగా, గాజులా మెరిసేవి చాలావరకు పాలీకార్బొనేట్. సుత్తితో కొట్టినా తేలిగ్గా పగలదు. అంతటి మొండి ప్లాస్టిక్ క్షారానికి మాత్రం మెత్తబడుతుంది. ఘాటైన కాస్టిక్ నీళ్లతో, అమ్మోనియాతో పదేపదే కడిగితే కంటికి సరిగా ఆనని గీతలు పడతాయి, ఆ గీతలే ఒక రోజు బీటలవుతాయి. టిన్ను మసకబారి లోపల సన్న బీటలు కనిపిస్తే తిప్పి పంపేయండి. గొడవపడ్డా ఫర్వాలేదు.

ఎసిటాల్ కథ ఇంకా ఖరీదైనది. గేర్లకు, జిప్పులకు, కుళాయి లోపలి చిన్న భాగాలకు వాడే ఈ ప్లాస్టిక్‌ను అమెరికాలో ఇళ్ల నీటి గొట్టాలకు జాయింట్లుగా వాడారు. నీటిలో క్రిములు చావడానికి కలిపే క్లోరిన్ మెల్లగా వాటిని తినేసింది. లక్షల ఇళ్లలో గోడలు తడిసి, కోర్టుకెక్కి, 1995లో తయారీ కంపెనీలు 95 కోట్ల డాలర్ల దాకా పరిహారానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. తాగే నీటిలో కలిపేంత చిన్న మోతాదు! అంతా అయ్యాక చూస్తే పరీక్షించాల్సింది ఒకే ఒక్క రసాయనం.

స్ఫటికం కరిగినా సీసా మిగిలే చోటు

ఇందాక బండి ఆగిన భట్టిప్రోలుకు ఒకసారి వెనక్కి వెళ్దాం. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడి బౌద్ధ స్తూపం తవ్వినప్పుడు రాతి పేటికల లోపల స్ఫటిక పేటికలు దొరికాయి. రెండు వేల ఏళ్లకు పైగా నేలలో ఉండి మెరుపు తగ్గని స్ఫటికం. మామూలు యాసిడ్ ఏదీ దాన్ని తాకలేదు. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఒక్కటే గాజునూ స్ఫటికాన్నీ కరిగిస్తుంది. మరి ఆ యాసిడ్‌ను దేనిలో పోసి ఉంచుతారు? మామూలు పాలిథిన్ సీసాలో.

తలకిందులు చేసి చూస్తే ఇంకో వింత. బంగారం పనివాళ్లు వాడే ఘాటైన నత్రికామ్లాన్ని గాజు సీసా నిశ్చింతగా మోస్తుంది. పాలీప్రొపిలీన్ దాని ముందు నిలవదు. ఇన్వర్టర్ బ్యాటరీ డబ్బా చేసేదీ ఈ పాలీప్రొపిలీన్‌తోనే. లోపలి ద్రవంలో మూడో వంతుకు పైగా సల్ఫ్యూరిక్ యాసిడ్ ఉన్నా అది ఏళ్లపాటు ఓర్చుకుంటుంది. తెనాలి బజారులో ఇదే డబ్బా పాత ఇనుప సామాన్ల కొట్టుకు చేరేనాటికి లోపలి సీసం పలకలు చివికిపోయి ఉంటాయి, గోడలు మాత్రం అలాగే ఉంటాయి. విమానాల్లో, వైద్య పరికరాల్లో వాడే పీక్ అనే ప్లాస్టిక్ ధరలో దీనికి అందనంత పైన ఉంటుంది. అదే పీక్ చిక్కటి సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో కరిగిపోతుంది.

దాదాపు అన్నిటినీ ఓర్చుకునేది ఒకటుంది. 1938 ఏప్రిల్ 6న రాయ్ ప్లంకెట్ శీతలీకరణ వాయువు కోసం ప్రయోగం చేస్తుంటే సిలిండరులో తెల్ల పొడిగా మిగిలింది. అదే టెఫ్లాన్. అణుబాంబు తయారీలో యురేనియం హెక్సాఫ్లోరైడ్ ఘాటును తట్టుకోవడానికి దాన్ని మొదట వాడారు. ఇప్పుడు మన ప్లంబరు జేబులో తెల్ల టేపు చుట్టగా పది, ఇరవై రూపాయలకు దొరుకుతుంది. మెత్తగా ఉంటుంది కాబట్టి దానితో గేరు చేయలేం. బలమూ, ఓర్పూ రెండూ ఒకే ప్లాస్టిక్‌లో దొరకడం అరుదు.

చివరికి ఎండ

ఈ తీరంలో ప్లాస్టిక్‌ను చంపేది ఎక్కువసార్లు ఉప్పూ కాదు, యాసిడూ కాదు. ఎండ. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు మామూలు యాసిడ్లు తెంచలేని కర్బన గొలుసును తెంచుతాయి. మంచినీటి హెచ్‌డీపీఈ పైపు నల్లగా ఉండేది అందం కోసం కాదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 4984 ప్రకారం అందులో 2.5 శాతం, అటూ ఇటూ అర శాతం తేడాతో, బొగ్గు మసి కలపాలి. ఆ మసి కిరణాల్ని పీల్చేసుకుంటుంది. మసి తగ్గించి, వాడిపడేసిన ప్లాస్టిక్ కరిగించి పోసిన పైపు కూడా నల్లగానే కనిపిస్తుంది. తేడా రెండు వేసవులు గడిస్తే గానీ తెలియదు. తేడా తెలిసేసరికి కొన్న కొట్టు రశీదు పోయి ఉంటుంది.

తెగి సముద్రంలో పోయిన నైలాన్ వలకు ఆ ఎండ కూడా తగలదు. ఉప్పుకు లొంగని గుణమే అక్కడ శాపం. సూర్యలంక వైపు గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లకు అది యజమాని లేని ఉరి. పాత వలలను రేవులోనే సేకరించే ఏర్పాటు లేకుండా కొత్త వలలకు రాయితీ ఇవ్వడం సగం పని చేసినట్టే.

డ్రిప్పు రైతులకు ఒక మాట. లేటరల్ పైపుల్లో సున్నపు పొర పేరుకుంటే యాసిడ్ ఎక్కించి కడగడం మంచిదే, పాలిథిన్ గొట్టానికి దానివల్ల ముప్పు లేదు. యాసిడ్‌ను నీటిలో పోయాలి గానీ నీటిని యాసిడ్‌లో పోయకూడదు. ఫిల్టరు, పంపుల్లో ఉన్న ఇనుము, ఇత్తడికి, నైలాన్ భాగాలకు అది తగలకుండా, వాటి తర్వాతే ఎక్కించండి. పని అయ్యాక మంచినీటితో పైపు బాగా కడగండి.

కొనే ముందు పైపు మీదా, డబ్బా అడుగునా అచ్చయిన అక్షరాలు చదవండి. త్రికోణంలో 5 అంకె ఉంటే పాలీప్రొపిలీన్, 2 ఉంటే హెచ్‌డీపీఈ. పెద్ద సరుకైతే రసాయన నిరోధక పట్టిక ఇమ్మని అడగండి, పేరున్న తయారీదారులందరి దగ్గరా ఉంటుంది. ఆ పట్టికలో ఒక్కో రసాయనానికి సాధారణంగా రెండు గడులు ఉంటాయి. ఒకటి 20 డిగ్రీలకు, రెండోది 60 డిగ్రీలకు. మొదటి గడిలో అన్నీ బాగానే ఉంటాయి, అమ్మేవాళ్లు చూపించేది కూడా అదే. మే నెలలో చెరువు గట్టు మీద ఎండకు కాగే నల్ల పైపుకు వర్తించేది రెండో గడి. చూడాల్సింది దాన్నే.